గాలి సందు

మా అమ్మాయి గాజుపెట్టెకు తాళంచెవి పెట్టి, "మేష్టారూ, తీస్తున్నా" అన్న చోట పోయినవారం ఆగాం. ఆ చెవి ఇంకా తిరగలేదు. తిరిగేలోపు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మాయి ఓడలు కడుతుంది. నీళ్లమీద పోయేవి కావు, బల్లమీద నిలబడేవి. అసలు ఓడలో ఎనిమిది అడుగులుండేది ఆమె చేతిలో ఒక్క అంగుళం అవుతుంది. ఆ లెక్కన ఓడలో మనిషిని నిలబెడితే నా బొటనవేలి పై కణుపు కంటే పొట్టిగా ఉంటాడు. అంత చిన్నవాళ్లు ఎక్కే తాళ్ల నిచ్చెనలకు కూడా ప్రతి మెట్టు దగ్గరా ముడి ఉండాలంటుంది. ఎవరు ఎక్కి చూస్తారే అంటే వినదు.

పెట్టెలో ఉన్నది మేష్టారి ఓడ. మా అమ్మాయికి పని నేర్పిన ఆయనే మేష్టారు. పందొమ్మిదేళ్ల కింద మొదలుపెట్టారట. సన్నటి చెక్కపట్టీలు నానబెట్టి, వేడి గొట్టం మీద వంచి, ఓడ పొట్టంతా ఆయనే కట్టారు. సీసం కరిగించి చిన్న చిన్న అచ్చుల్లో పోసి నలభై నాలుగు ఫిరంగులు, రెండు లంగర్లు ఆయనే చేశారు. తాళ్ల పని దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు పోయింది. అప్పుడు మా అమ్మాయి కూర్చుంది. దారాలకు తేనెమైనం రాసి, పట్టకారుతో ముడి మీద ముడి వేసుకుంటూ నాలుగేళ్లు. ఎల్లుండి రేవు మ్యూజియం వాళ్లు వచ్చి ఓడను తీసుకెళతారు. అక్కడ పలక మీద మేష్టారి పేరు ఉంటుంది. వెళ్లే ముందు ఒక్కసారి వేళ్లతో చూసుకుంటానని ఆయన ఇవాళ పొద్దున వచ్చారు.

ఆయన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది నేనే. మా ఇల్లు పైన, అల్లుడి వడ్రంగి దుకాణం కింద. మధ్యలో పదకొండు మెట్లు. నాలుగో మెట్టు మీద ఆయన ఆగి, నా చూపుడువేలి కొన తడిమి, "ఇదేంటమ్మా, వేలి మీద కాలవ తవ్వించారా?" అని నవ్వారు. చిన్నప్పుడు రేకు డబ్బా మూత కోసుకుపోయిన గాటు అది. మానింది గానీ కొనమీద నిలువునా గాడి మిగిలిపోయింది. చెప్పాను. "మంచిది. కళ్లు లేనివాడికి మనుషుల్ని గుర్తుపెట్టుకోవడానికి ఏదో ఒక గుర్తుండాలి" అన్నారు. అప్పుడు నాకూ నవ్వొచ్చింది.

అల్లుడి సంగతి కూడా చెప్పాలి. గాజుపెట్టె చేసింది అతనే. ఆరు నెలల కింద, పెట్టె కోసం కొలతలు తీస్తుంటే మోచెయ్యి తగిలి ఓడ ముందరి స్తంభం కొన విరిగింది. అతికించాడు, రంగు వేశాడు, గప్‌చిప్‌గా ఊరుకున్నాడు. నేను చూశాను. చూసినదాన్ని కడుపులో పెట్టుకుంటే నేను నేనెందుకవుతాను? ఆ అతుకు ఊడి, స్తంభం కూలి, నాలుగేళ్ల తాళ్లన్నీ కుప్పపడినట్టు రెండు రాత్రులు కలలొచ్చాయి. మూడోరోజు అమ్మాయికి చెప్పేశాను.

అమ్మాయి అరవలేదు. "విరగ్గొట్టినందుకు కాదు, దాచినందుకు" అంది మొగుడితో. "ఇంకొక్కసారి నా దగ్గర ఏదైనా దాచావంటే మనిద్దరం ఒక ఇంట్లో ఉండం." అన్నమాట మీద నిలబడే పిల్ల. వాళ్ల నాన్న మీద కోపమొచ్చి పదేళ్ల వయసులో మానేసిన పాలు ఈనాటికీ తాగలేదు. ఆ తర్వాత నెల తిరక్కుండానే పాత ఓడలు బాగుచేసే పని మీద వేరే ఊరు వెళ్లి, ఐదు నెలలు అక్కడే ఉండి, మొన్న తిరిగొచ్చింది.

అదీ సంగతి. ఇంకొకటి మిగిలింది. అది ఆ గదిలో నాకు ఒక్కదానికే తెలుసు.

చెవి తిరిగింది.

పెట్టె వెనక తలుపు పట్టేసి ఉంది. అమ్మాయి గోరు దూర్చి లాగింది. తెరుచుకోగానే వాసన కొట్టింది. వెనిగర్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టినట్టు, కళ్లు చెమర్చే పుల్లటి వాసన.

మేష్టారు కుర్చీలో నిటారుగా అయిపోయారు. "ఏంటది?"

అమ్మాయి చిన్న లైటు తీసుకుని తల లోపలికి పెట్టింది. పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. ఎంతసేపటికీ ఆ వీపు కదలకపోయేసరికి, దానికి ఊపిరాడడం లేదేమో, గుండె ఆగిపోయిందేమో అని నాలుగడుగులు వేసి భుజం పట్టుకున్నాను.

"ఏంటే? ఏమైందే?"

"అమ్మా, నువ్వు ఇవతలికి రాకు."

వచ్చేశాను కదా, చూశాను. ఫిరంగులన్నీ తెల్లబడ్డాయి. నల్లగా, నున్నగా, వరసగా మెరుస్తుండే ఫిరంగులు, పిండిలో దొర్లించి తీసినట్టు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. రెండు మూడింటికి మూతి లేదు. ఓడ పక్కన వేలాడే లంగరు కొక్కెం రాలి డెక్కు మీద పడి ఉంది. కిందంతా తెల్ల పొడి. తాళ్లు మాత్రం ఒక్కటీ చెక్కుచెదరలేదు. ఆ నిచ్చెనలు, ఆ ముళ్లు, అన్నీ అలాగే బిగువుగా నిలబడి ఉన్నాయి.

"చెప్పు పిల్లా" అన్నారు మేష్టారు.

"సీసాన్ని పులుపు తినేసింది మేష్టారూ." దాని గొంతు దానిలా లేదు. "పై డెక్కు మొత్తం. కిందది ఇంకా చూడలేదు."

మేష్టారు లేచారు. చేతులు ముందుకు చాపి రెండడుగులు వేసి, పెట్టె అంచు పట్టుకుని, లోపలికి వేళ్లు పోనిచ్చారు. ఆ వేళ్లకు ఆ ఓడ మా ఇంటి గడప కన్నా బాగా తెలుసు. తిన్నగా నడుమ ఫిరంగి దగ్గరికి వెళ్లాయి. ముట్టుకున్నాయి. అది ఆయన వేళ్ల మధ్య ముగ్గులా రాలిపోయింది.

"ముట్టుకోకండి, ముట్టుకోకండి!" అమ్మాయి ఆయన మణికట్టు పట్టేసుకుంది. "విషం అది."

"ఈ వయసులో నాకు విషమెక్కడం ఒకటా?" అన్నారు గానీ ఆ నవ్వు సగంలోనే పోయింది. "అమ్మా, కాస్త సబ్బునీళ్లు."

విషం అన్నమాట వినగానే నాకు చెవుల్లో హోరు మొదలైంది. ఐదు నెలలు రోజూ ఆ పెట్టె తుడిచి, దాని పక్క గదిలోనే పడుకున్నాను, ఆ పొడి నా ఊపిరితిత్తుల నిండా పేరుకుని ఉంటుంది, అమ్మాయి ఇప్పుడే తల పెట్టి పీల్చేసింది, దానికి పిల్లలు పుట్టరేమో, ఇలా ఒకదాని వెనక ఒకటి. సబ్బునీళ్లు తెచ్చి మేష్టారి చేతులు నేనే కడిగాను. వేలు వేలు రుద్దాను.

మేష్టారు చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పారు. "సీసానికి రెండు పడవు. ఒకటి పుల్లటి గాలి, రెండోది బయటికి పోలేని గాలి. చెక్క నుంచి కూడా కొద్దో గొప్పో పులుపు వస్తూనే ఉంటుంది. అది పోతూ ఉంటే ఏమీ కాదు. అందుకే కదా పెట్టె కింద గాలి సందు వదలమన్నాను?"

"వదలమన్నారు. నేనూ గీసిచ్చాను. అడుగు పొడవు, వేలు మందం, లోపల సన్నటి జాలీ. బొమ్మ గీసి మరీ ఇచ్చాను."

"మరి చూడు."

అమ్మాయి నేలమీద కూర్చుని పెట్టె వెనక అడుగున లైటు వేసింది. నేను చూడక్కర్లేదు. అక్కడేముందో నాకు తెలుసు.

ఇక చెప్పక తప్పదు. అమ్మాయి ఊరెళ్లిన వారానికే, పెట్టె వెనక దుమ్ము తుడుస్తుంటే అడుగున నాకు ఆ సందు కనిపించింది. నా వేలు పట్టేంత సందు. లోపల దోమతెర ముక్కలా ఏదో అడ్డం కొట్టి ఉంది. గాలి సందని నాకెవరు చెప్పారు? కొలత తప్పి చెక్క చాలక, అల్లుడు జాలీ ముక్క కొట్టి సరిపెట్టాడనుకున్నాను. అయ్యో, స్తంభం గొడవే ఆరలేదు, అమ్మాయి వచ్చి ఇది చూసిందంటే ఇక వీళ్ల కాపురం అయిపోయినట్టే అనుకున్నాను. స్తంభం సంగతి నేనే కదా మోశాను, ఆ పాపం ఇలాగైనా కడుక్కుందామనుకున్నాను. పైగా ఆ సందులోంచి ఒక వెండిపురుగు లోపలికి పోబోతుంటే కళ్లారా చూశాను. దారాలు కొరికేస్తుంది కదా. నాలుగేళ్ల ముళ్లు!

గాజు బిగించడానికి వచ్చినతను సగం వాడి వదిలేసిన తెల్లగమ్ము ట్యూబు ఉంది. సందు పొడవునా పిండాను. అతను చేసినట్టే వేలు సబ్బునీళ్లలో ముంచి, ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒక్క గీతలో నున్నగా లాగాను. గాజు మూలలకు కూడా పెట్టాను. ఆరేదాకా పుల్లటి వాసన వేసింది, అది గమ్ము గుణం అనుకున్నాను. ఎంత బాగా కుదిరిందో! ఎవరికీ చెప్పలేదు. చెబితే అల్లుడు చిన్నబోతాడని. ఖాళీ ట్యూబు చెత్తబుట్టలో వేస్తే కనిపిస్తుందని, గుడ్డలో చుట్టి నా బట్టల పెట్టె అడుగున తోశాను.

లోపలికి దుమ్ము పోకుండా, పురుగు పోకుండా, చెమ్మ పోకుండా మూశాను. ఓడను ఆ పుల్లటి గాలిలోనే పెట్టి మూశానని నాకు ఇవాళ తెలిసింది.

"మూసేశాడు" అంది అమ్మాయి నేలమీద నుంచే. "గమ్ము పెట్టి మూసేశాడు మేష్టారూ. అదీ వెనిగర్ వాసనొచ్చే గమ్ముతో."

లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి కేక వేసింది. "ఒకసారి పైకి రా!"

కింద రంపం ఆగింది. నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. నాలుక పైకి లేవలేదు. అమ్మాయి మొహం చూస్తుంటే, 'ఒక ఇంట్లో ఉండం' అన్నమాట మొగుడికే కాదు, నాకూ పడుతుందనిపించింది. ఆ వెనక గది కాక నాకు ఇంకెక్కడుంది? అల్లుడు వస్తాడు, నేను కాదంటాడు, ఇద్దరూ కాసేపు కీచులాడుకుంటారు, ఆ సందడి తగ్గాక మెల్లిగా చెబుదాం అనుకున్నాను. ఎప్పుడూ ఇంతే నేను. మెల్లిగా చెబుదామనుకునేలోపు అయ్యేది అయిపోతుంది.

అల్లుడు వచ్చాడు. కనుబొమ్మల నిండా రంపపు పొట్టు. స్తంభం గొడవ అయ్యాక, అమ్మాయి ఊరెళ్లిన మర్నాడు పెట్టె బిగించి పోయినవాడు, మళ్లీ ఈ గదిలోకి రానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఇన్నాళ్లకు ఇదే రావడం. గడప దగ్గరే ఆగి, "రావచ్చా కెప్టెన్?" అన్నాడు. పెళ్లాన్ని అలాగే పిలుస్తాడు.

"రా. వచ్చి నువ్వు చేసింది చూడు."

ఓడను చూశాడు. నవ్వు పోయింది. "ఏంటిది? బూజా?"

"బూజు కాదు. ఫిరంగులు కుళ్లిపోయాయి. గాలి సందు ఏమైంది?"

"సందా? ఉందిగా."

"ఎక్కడ?"

"కింద, వెనకాల. నువ్వు గీసిచ్చినట్టే..." అంటూ వంగాడు. మోకాళ్లమీద కూర్చుని చెయ్యి పెట్టి తడిమాడు. మాట ఆగిపోయింది. ఆ గమ్ము గీత మీద అతని వేలు అటు పోయింది, ఇటు వచ్చింది. తర్వాత తల ఎత్తి నా వైపు చూశాడు. నా మొహం వైపు కాదు, చేతుల వైపు. అవి ఎప్పుడు వెనక్కి పెట్టుకున్నానో నాకే తెలియదు.

అతనికి అర్థమైపోయింది. ఈ గదిలోకి రోజూ వచ్చి తుడిచేది నేనొక్కదాన్నే కదా.

"చెప్పు" అంది అమ్మాయి. "సందు ఉందన్నావుగా. చూపించు."

అల్లుడు లేచి మోకాళ్లకంటిన దుమ్ము దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు. ఇప్పుడు చెబుతాడు, మీ అమ్మే అని వేలు చూపిస్తాడు, చూపించాలి, నేను అతని స్తంభం సంగతి చెప్పలేదా? చూపిస్తే నాకు అడ్డంగా తల ఊపే ధైర్యం కూడా లేదు. కళ్లు మూసుకున్నాను.

"నేనే మూశాను" అన్నాడు.

కళ్లు తెరిచాను.

"ఎందుకు?"

"చూడ్డానికి అసహ్యంగా ఉందనిపించింది. అంత మంచి పెట్టెకి కింద కన్నం ఏంటని."

"నేను బొమ్మ గీసి ఇచ్చినా?"

"గీసిచ్చావు. నాకు తెలుసనుకున్నాను."

"ఈ ఐదు నెలల్లో ఎన్నిసార్లు ఫోన్లో మాట్లాడుకున్నాం? పెట్టె ఎలా ఉందని ఎన్నిసార్లు అడిగాను? బాగుంది కెప్టెన్, బాగుంది కెప్టెన్ అని..."

"బాగుందనే అనుకున్నాను" అన్నాడు. ఆ ఒక్కటీ నిజం.

"దాచావు."

అతను నావైపు చూడలేదు. "దాచాను."

అమ్మాయి అరిచినా బాగుండేది. ఏదైనా విసిరికొట్టినా బాగుండేది. అది ఓడ వైపు తిరిగి, రాలిపోయిన లంగరు కొక్కేన్ని పట్టకారుతో తీసి, తెల్లకాగితం మీద పెట్టింది. అలా పెడుతూనే చెప్పింది. "మీ అక్కవాళ్లింటికి వెళ్లు. పనిముట్లు కూడా తీసుకుపో. మళ్లీ వాటికోసం రావక్కర్లేకుండా."

"అది కాదే..." అన్నాను నేను. అంతవరకే వచ్చింది.

"అమ్మా, నువ్వు దీంట్లో తలదూర్చకు. వెనకేసుకు రాకు."

వెనకేసుకు రావడమట! ఆ మాటకు నాకు ఏడుపొచ్చిందో, ఇంకేమొచ్చిందో తెలియదు.

"సరే కెప్టెన్" అన్నాడు అల్లుడు. పోతూ పోతూ నా పక్కన ఆగాడు. "అత్తయ్యా, పొద్దుటి బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగాడు. నేను తల ఊపాను. వేసుకోలేదు. ఇంకో అబద్ధం. దిగుతున్న అతని చెప్పుల చప్పుడు పదకొండూ వినబడింది.

ఇంతసేపూ మేష్టారు కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరు మాట్లాడితే అటు చెవి తిప్పుతూ కూర్చున్నారు. ఇప్పుడు అడిగారు. "పిల్లా, కింది డెక్కు ఎలా ఉంది?"

అమ్మాయి ఓడ పొట్టలోని చిన్న చదరపు కిటికీల్లోంచి లైటు వేసి చూసింది. "ఇరవై రెండూ అంతే."

"అవి పై డెక్కు పరవక ముందు అతికించినవి. తియ్యాలంటే పైన చెక్కలు కొయ్యాలి."

"కిటికీల్లోంచి తీస్తాను. పట్టకారుతో, ముక్కలు ముక్కలుగా."

"ఎల్లుండిలోపా?"

అమ్మాయి లైటు ఆర్పింది.

"మ్యూజియం వాళ్లకు ఫోను చెయ్యి. రావద్దని చెప్పు. నా పేరు రాసిన పలక ఉంటే, పక్కన పెట్టమను." ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు, గొడుగు మర్చిపోయానని చెప్పినట్టు. అప్పుడు చూశాను, ఆయన కాళ్లు నేలకు ఆనలేదు, కుర్చీ కింద ఒకదాని మీద ఒకటి వేసి బిగించి ఉన్నాయి. "ముందు నన్నొకసారి పెట్టె వెనక్కి తీసుకెళ్లు. ఆ గమ్ము చూస్తాను."

"ఎందుకు మేష్టారూ?"

"పందొమ్మిదేళ్ల పనిని మూసింది ఎలా ఉంటుందో చూడొద్దా?"

అమ్మాయి ఆయన్ని నడిపించి, కూర్చోబెట్టి, వేలిని సందు మొదట్లో ఆనించింది. ఆయన వేలు కదిలింది. నిదానంగా, చీమ నడిచినట్టు. సగం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయనకు ఏం తగులుతోందో నాకు అప్పటికింకా తెలియలేదు.

"సన్నగా ఉందే" అన్నారు. "గమ్ము గీత."

"ఏమిటి మేష్టారూ?"

"ఏమీ లేదు. వడ్రంగి వేలు లావుగా ఉంటుంది కదా, వాళ్ల గీతలు వెడల్పుగా వస్తాయి." ఆయన వేలు చివరదాకా పోయింది. "మధ్యలో ఒక గట్టు కూడా ఉంది. దారం పరిచినట్టు, ఈ చివర నుంచి ఆ చివరదాకా."

నా చెయ్యి దానంతటదే మూసుకుంది. వేలి మీద గాడి ఉంటే, గమ్ము మీద గట్టు పడుతుంది.

అమ్మాయికి అది పట్టలేదు. దాని ప్రాణమంతా ఫిరంగుల్లోనే ఉంది. "మిగిలినవాటినైనా తీసి విడిగా పెడతాను మేష్టారూ. దూదిలో పెట్టనా?"

"దూది పీచు అంటుకుంటుంది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ కావాలి. ఒక్కోదాన్ని విడిగా చుట్టు."

"అమ్మ బట్టల పెట్టెలో ఉంటాయి."

"నేను తెస్తా!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఇద్దరూ ఇటు తిరిగారు. "నేను... నువ్వు చిందరవందర చేస్తావు. నేనే తెస్తా."

"మీరు కాదమ్మా" అన్నారు మేష్టారు. "మీరు నన్ను మెట్లు దింపాలి. ఎక్కేటప్పుడు ఇచ్చిన చెయ్యే ఇవ్వండి."

ఇటు చూస్తే అమ్మాయి అప్పటికే నా గది వైపు వెళ్లిపోతోంది. అటు చూస్తే ఆయన చెయ్యి గాలిలో నా కోసం చాచి ఉంది. ఆ చేతిని అలా వదిలేసి పరుగెత్తలేను. ఇచ్చాను. ఆయన పట్టుకున్నారు. బొటనవేలితో నా చూపుడువేలి కొన మీద ఒక్కసారి, ఒక్కసారే రాశారు. మొహంలో ఏ మార్పూ లేదు.

మెట్ల మొదట్లోకి వచ్చాం. కింద దుకాణం ముందు అల్లుడు చిన్న ట్రక్కు వెనక తలుపు దించి, చిత్రికలు, ఉలులు ఒక్కొక్కటిగా గోనెపట్టా పరిచి పెడుతున్నాడు. పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెడుతున్నాడు.

"ఇవి ఎన్ని మెట్లమ్మా?" మేష్టారి గొంతు నాకు మాత్రమే వినబడేంత ఉంది.

"పదకొండు."

"ఓడ పోయింది. అది నాది. దాని గురించి నేను ఏడుస్తాను, మీరు ఏడవక్కర్లేదు. కింద సర్దుకుంటున్న కుర్రాడు మాత్రం నావాడు కాదు, మీవాడు." ఒక మెట్టు దిగారు. "ఒకటి. ఆఖరి మెట్టు దాకా మీకు టైముంది. ఆ తర్వాత నేను మాట్లాడతాను."

"మేష్టారూ, నేను మంచికే..."

"తెలుసు. రెండు."

"పురుగు పడుతుందని, అమ్మాయి చూస్తే గొడవవుతుందని..."

"నాకు చెబితే ఏం లాభం? మూడు."

ఆ మెట్ల మీద నాకు ఏవేవో గుర్తొచ్చాయి. ఏదీ పనికొచ్చేది కాదు. గ్యాస్ కట్టానా లేదా, మాత్ర ఎక్కడ పెట్టాను, నేను పడిపోతే ఆయన నా మీద పడితే ఇద్దరికీ తుంటి ఎముకలే. ఆయన మాత్రం గోడ పట్టుకోకుండా, నా చెయ్యి ఒక్కటే ఆసరాగా, ఎంత నమ్మకంగా దిగుతున్నారో. నాలుగు. ఐదు. పైన నా గదిలో పెట్టె మూత కిర్రుమంది. ఆ మూత చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఆరు. పైబట్టలు తీస్తూ ఉంటుంది. ఏడు. నూలు గుడ్డలు అడుగున ఉంటాయి. ఆ గుడ్డల్లోనే చుట్టాను. అన్ని గుడ్డలుండగా ఆ గుడ్డలోనే ఎందుకు చుట్టాను?

"ఎనిమిది" అన్నారు మేష్టారు.

అల్లుడు ట్రక్కు తలుపు ఎత్తి కొక్కెం వేశాడు. తాళాల గుత్తి జేబులోంచి తీశాడు.

"తొమ్మిది."

"బాబూ!" అన్నాను.

నా గొంతేనా అది? వీధిలో పోతున్న ఆయనెవరో కూడా ఆగి చూశాడు. అల్లుడు ట్రక్కు తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి తల ఎత్తాడు. నా మొహం చూశాడు. వద్దు అన్నట్టు, చాలా చిన్నగా, తల అడ్డంగా ఊపాడు. అది చూశాక ఇక నేను ఆగదలుచుకోలేదు. ఇంకో మెట్టు దిగాను. "బాబూ, ఆగు. ఆ సందు..."

"అమ్మా."

పైనుంచి. పిలుపు గట్టిగా లేదు. అది మెత్తగా పిలిచిందంటేనే నాకు భయం.

వెనక్కి తిరిగి చూశాను. మెట్ల పైన అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో విప్పిన నూలు గుడ్డ, రెండో చేతిలో నడుం నొక్కుకుపోయిన తెల్ల ట్యూబు.

"అక్కడే ఆగు" అంది.

నేను చెప్పబోతున్నాను. ఇదిగో, ఈ క్షణమే, నా అంతట నేనే చెప్పబోతున్నాను. ఆ మాట ఇక ఎవరు నమ్ముతారు? పైన అది, కింద అతను, మధ్యలో నోరు తెరుచుకుని నేను.

మేష్టారు నా వేలు వదల్లేదు.

"ఇంకొక్క మెట్టు మిగిలిందమ్మా" అన్నారు.